వరంగల్ నుంచి లేహ్‌కు: శంషాబాదా, నాగ్‌పూరా, రైలా?

శంషాబాద్ విమానాశ్రయం నుంచి లేహ్ విమానాశ్రయానికి ఆకాశమార్గాన నేరుగా కొలిస్తే సుమారు 1,880 కిలోమీటర్లు. జెట్ విమానం గంటకు 830 కిలోమీటర్ల వేగంతో పోతుందని లెక్క వేస్తే రెండుంబావు గంటల ప్రయాణం. ఆ లెక్క చూసుకొని, పొద్దున బయలుదేరితే మధ్యాహ్న భోజనానికి తమ్ముడి దగ్గర ఉంటానని మొదటిసారి అనుకున్నాను. హనుమకొండలో మా ఇంటి గడప దాటిన దగ్గరి నుంచి లేహ్‌లో విమానం దిగేదాకా పట్టే సమయం, దిల్లీలో రాత్రి ఆగి వెళితే, అన్నీ సవ్యంగా కుదిరినా, పదిహేడు గంటల పైమాటే.

మా తమ్ముడు సైన్యంలో ఉండి లేహ్‌లో పనిచేసిన కాలంలో నేను మూడుసార్లు అక్కడికి వెళ్లి వచ్చాను. కరీంనగర్, మంచిర్యాల, నిజామాబాద్, ఆదిలాబాద్ జిల్లాల నుంచి లడఖ్‌లో కొలువు చేసే జవాన్ల ఇళ్లవాళ్లు, వేసవిలో విహారానికి వెళ్లాలనుకునే కుటుంబాలు అడిగే ప్రశ్న ఒకటే: ఎక్కడి నుంచి విమానం ఎక్కితే మేలు? ఈ ప్రశ్నకు అందరికీ ఒకే జవాబు లేదు. మీ ఇల్లు ఏ రహదారి మీద ఉంది, మీతో ఎవరు వస్తున్నారు, చేతిలో ఎన్ని రోజులున్నాయి అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

ముందుగా కొలవవలసినవి

మొదటిది రెండు విమానాశ్రయాల మధ్య దూరం. గుండ్రని భూమి మీద రెండు చోట్లను కలిపే అతి దగ్గరి దారిని కొలిచి చెప్పే సంఖ్య ఇది. ప్రయాణికులు ఎక్కువగా చూసేది దీన్నే, కానీ ఈ ప్రయాణంలో దీనికున్న విలువ అతి తక్కువ. కారణం చిత్రమైనది. శంషాబాద్, దిల్లీ, లేహ్ మూడూ దాదాపు ఒకే రేఖాంశం మీద, ఒకదాని పైన ఒకటి నిలబెట్టినట్టు ఉన్నాయి, 78.4, 77.1, 77.5 డిగ్రీలు. అందువల్ల దిల్లీలో దిగి మారితే చుట్టుదారి అవుతుందన్న బెంగ అక్కరలేదు. శంషాబాద్ నుంచి దిల్లీకి 1,266 కిలోమీటర్లు, దిల్లీ నుంచి లేహ్‌కు 622 కిలోమీటర్లు; రెండూ కలిపినా నేరు దూరం కంటే పది కిలోమీటర్లు కూడా పెరగదు. ప్రయాణ సమయం పెరిగేది దారి వంకర వల్ల కాదు, దిల్లీలో ఆగవలసి రావడం వల్ల.

రెండవది టికెట్టు మీద కనిపించే ప్రయాణ సమయం. విమానం గేటు దగ్గర కదిలిన నిమిషం నుంచి అవతలి ఊళ్లో గేటు దగ్గర ఆగే నిమిషం వరకు దీన్ని లెక్కిస్తారు. రన్‌వే దాకా నెమ్మదిగా పాకడం, వరుసలో వేచి ఉండడం, పైకెక్కడం, కిందికి దిగడం అన్నీ ఇందులోకి వస్తాయి. దూరం ఎంత తక్కువైనా ఈ భాగం తగ్గదు. కాబట్టి దూరం సగమైతే సమయం సగం కాదు.

| ప్రయాణ భాగం | ఆకాశమార్గ దూరం | గంటకు 830 కి.మీ. లెక్కన | టికెట్టు మీద సాధారణంగా ఉండే సమయం |
|---|---|---|---|
| శంషాబాద్ – దిల్లీ | 1,266 కి.మీ. | 1 గం. 32 ని. | 2 గం. 10 ని. – 2 గం. 20 ని. |
| నాగ్‌పూర్ – దిల్లీ | 853 కి.మీ. | 1 గం. 2 ని. | 1 గం. 35 ని. – 1 గం. 50 ని. |
| దిల్లీ – లేహ్ | 622 కి.మీ. | 45 ని. | 1 గం. 15 ని. – 1 గం. 30 ని. |
| దిల్లీ – శ్రీనగర్ | 643 కి.మీ. | 46 ని. | 1 గం. 20 ని. – 1 గం. 40 ని. |

నాగ్‌పూర్ నుంచి దిల్లీ దూరం శంషాబాద్ దూరంలో మూడింట రెండు వంతులే అయినా, టికెట్టు మీద మిగిలేది అరగంట మాత్రమే. ఆ అరగంట కోసం నాగ్‌పూర్‌ను ఎంచుకోనక్కరలేదు. దాన్ని ఎంచుకోవడానికి వేరే బలమైన కారణం ఉంది, అది తరువాత చెబుతాను.

మూడవది ఇంటి నుంచి విమానాశ్రయానికి ఉన్న రోడ్డు లేదా రైలు ప్రయాణం. ఉత్తర తెలంగాణలో ఎంపికను నిజంగా తేల్చేది ఇదే.

నాలుగవది లేహ్ విమానాశ్రయం గడియారం. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మిగిలిన లెక్కలన్నీ దీని చుట్టూ తిరుగుతాయి.

లేహ్‌లో పొద్దుటి పూటే ఎందుకు?

లేహ్ విమానాశ్రయం సముద్రమట్టానికి 3,256 మీటర్ల ఎత్తున, కొండల మధ్య సింధు నది లోయలో ఉంది. 1948 మే 24న ఎయిర్ కమొడోర్ మెహర్ సింగ్, మేజర్ జనరల్ తిమ్మయ్యను వెంటబెట్టుకొని, డకోటా విమానాన్ని మొదటిసారి అక్కడ దింపారు. ఈనాటికీ ఆ రన్‌వే వాయుసేన అధీనంలోనే ఉంది, పౌర విమానాలు దానినే వాడుకుంటాయి.

అంత ఎత్తులో గాలి పీడనం సముద్రతీరంలో ఉండే దానిలో మూడింట రెండు వంతులే. పలుచని గాలిలో రెక్కలకు అందే ఆధారం తగ్గుతుంది, ఇంజన్ల బలమూ తగ్గుతుంది. ఎండ ముదిరేకొద్దీ గాలి వేడెక్కి ఇంకా పలుచనవుతుంది, లోయలో ఈదురుగాలులు మొదలవుతాయి. అందువల్ల లేహ్ విమానాలు చాలావరకు తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం లోపే వచ్చిపోతాయి. పైగా పైలట్‌కు రన్‌వే, దాని చుట్టూ ఉన్న కొండలు కంటికి కనబడాలి. మేఘం కమ్మితే దిగడం కుదరదు, వెనక్కి రావలసిందే.

నా రెండవ ప్రయాణంలో అదే జరిగింది. కిటికీ పక్క సీటు దొరికింది. మంచుకొండలు రెక్క కిందికి వచ్చినంత దగ్గరగా కనిపిస్తూ ఉన్నాయి, కొద్దిసేపటికి ఒక తెల్లని గోడలాంటి మబ్బు ఎదురైంది. విమానం ఒక పక్కకు ఒరిగి ఒక చుట్టు తిరిగింది, మరో చుట్టు తిరిగింది. నా పక్కన కూర్చున్న పెద్దమ్మ ఒడిలో ఉన్న సంచిని రెండు చేతులా పట్టుకొని నా ముఖం వైపు చూసింది. అప్పుడు కెప్టెన్ వెనుదిరుగుతున్నామని చెప్పాడు. దిల్లీలో లేచి, పన్నెండు వందల కిలోమీటర్లకు పైగా తిరిగి, మళ్లీ దిల్లీలోనే దిగాము. మరుసటి రోజు విమానంలో సీటు ఇచ్చారు. వాతావరణం వల్ల విమానం రద్దయితే పరిహారం ఇవ్వవలసిన బాధ్యత విమాన సంస్థకు ఉండదు, కానీ మరో విమానంలో చోటు గానీ, డబ్బు వాపసు గానీ కోరే హక్కు మీకు ఉంటుంది. లేహ్‌కు వెళ్లేవాళ్లు చేతిలో ఒక రోజు అదనంగా ఉంచుకొని టికెట్టు కొనాలని నేను గట్టిగా చెప్పేది అందుకే.

చలికాలంలో మరో చిక్కు ఉంది. డిసెంబర్, జనవరి నెలల్లో దిల్లీలో పొద్దున పొగమంచు కమ్ముతుంది. వేరే ఊళ్ల విమానాలు పొగమంచు తొలగాక ఆలస్యంగానైనా బయలుదేరుతాయి. లేహ్ విమానం అలా ఆలస్యమైతే అక్కడ దిగగలిగే వేళ దాటిపోతుంది, దాంతో ఆ రోజుకు అది రద్దయ్యే అవకాశం ఎక్కువ.

మొదటి దారి: శంషాబాద్ మీదుగా

వరంగల్, హనుమకొండ, జనగామ, భూపాలపల్లి వైపు వాళ్లకు ఇదే సహజమైన దారి. హనుమకొండ నుంచి 163వ నంబరు జాతీయ రహదారి మీద జనగామ, ఆలేరు, భువనగిరి దాటి ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే నగరంలోకి పోకుండానే శంషాబాద్ చేరవచ్చు. మొత్తం సుమారు 175 కిలోమీటర్లు, కారులో మూడు నుంచి మూడున్నర గంటలు. బస్సులో వెళ్లేవాళ్లు ఉప్పల్‌లో దిగి, విమానాశ్రయానికి వెళ్లే పుష్పక్ బస్సు పట్టుకోవాలి; ఇందుకు మరో గంటన్నర కలుపుకోవడం మంచిది. కరీంనగర్ వాళ్లు రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట దాకా, నిజామాబాద్ వాళ్లు 44వ నంబరు రహదారి మీద మేడ్చల్ దాకా వచ్చి అదే ఔటర్ ఎక్కవచ్చు. ఇద్దరికీ రెండు వందల కిలోమీటర్లకు కొంచెం అటూ ఇటూ అవుతుంది.

దిల్లీకి విమానాలు ఇక్కడి నుంచి రోజంతా ఉంటాయి. శంషాబాద్‌కు ఉన్న అసలు బలం అదే. ఒకటి తప్పితే మరొకటి దొరుకుతుంది. నా మూడవ ప్రయాణం సాగిన తీరు ఇది:

| ఘట్టం | వేళ |
|---|---|
| హనుమకొండ ఇంటి నుంచి బయలుదేరడం | మధ్యాహ్నం 2:00 |
| శంషాబాద్ చేరడం | సాయంత్రం 5:15 |
| దిల్లీ విమానం కదలడం | రాత్రి 7:30 |
| దిల్లీలో దిగడం | రాత్రి 9:45 |
| లేహ్ విమానం కదలడం | ఉదయం 6:10 |
| లేహ్‌లో దిగడం | ఉదయం 7:35 |

మొత్తం పదిహేడు గంటల ముప్పై ఐదు నిమిషాలు. ఇందులో విమానంలో కూర్చున్నది మూడు గంటల నలభై నిమిషాలు, రోడ్డు మీద మూడుంబావు గంటలు. మిగిలిన పదిన్నర గంటల పైన విమానాశ్రయాలలో గడిచింది.

ఇదంతా ఒక్క రాత్రిలో కుదించే మార్గం లేకపోలేదు. తెల్లవారుజామున నాలుగైదు గంటల ప్రాంతంలో శంషాబాద్‌లో లేచే విమానం పట్టుకొని, దిల్లీలో పది గంటల ప్రాంతంలో ఉండే లేహ్ విమానానికి మారవచ్చు. అప్పుడు మొత్తం పన్నెండు, పదమూడు గంటల్లో అయిపోతుంది. కానీ హనుమకొండలో రాత్రి పది, పదకొండు గంటలకే బయలుదేరాలి, నిద్ర అంతా రోడ్డు పాలవుతుంది. నిద్ర లేని ఒంటితో 3,256 మీటర్ల ఎత్తున దిగడం మంచిది కాదు. మా తమ్ముడు ఫోనులో చెప్పిన మాట ఇప్పటికీ గుర్తుంది: "అన్నా, దిల్లీల పండుకొని రా. నిద్ర చెడగొట్టుకొని వస్తే ఈడికి రాంగనే తల పగుల్తది." ఇరవై, ముప్పై ఏళ్ల వయసువాళ్లు, ఒంటరిగా వెళ్లేవాళ్లు ఈ దారి పట్టవచ్చు. పిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉంటే నేను ససేమిరా వద్దంటాను.

మరొక ముఖ్యమైన హెచ్చరిక. శంషాబాద్ నుంచి లేహ్ దాకా ఒకే బుకింగ్ మీద టికెట్టు తీసుకోండి. మొదటిసారి నేను కొద్దిపాటి డబ్బు మిగులుతుందని రెండు వేర్వేరు సంస్థల టికెట్లు కొన్నాను. మొదటి విమానం గంటన్నర ఆలస్యమైంది. దిల్లీలో బ్యాగు కోసం బెల్టు దగ్గర నిలబడి, దాన్ని తీసుకొని, మరో టెర్మినల్‌కు బస్సులో వెళ్లేసరికి లేహ్ విమానం చెకిన్ మూసేశారు. రెండవ సంస్థకు మొదటి దాని ఆలస్యంతో సంబంధం లేదు, ఆ టికెట్టు డబ్బు పోయింది. ఒకే బుకింగ్ అయితే బ్యాగు తిన్నగా లేహ్‌కు వెళుతుంది, విమానం అందకపోతే మరో దానిలో పంపే బాధ్యత వాళ్లదే అవుతుంది. దిల్లీలో టెర్మినల్ మారవలసి ఉందో లేదో టికెట్టు కొనేముందే చూసుకోవాలి. ఒకటవ టెర్మినల్‌కు, మూడవ టెర్మినల్‌కు మధ్య నడిచి పోయే దూరం కాదు.

రెండవ దారి: నాగ్‌పూర్ మీదుగా

ఆదిలాబాద్ నుంచి శంషాబాద్ 300 కిలోమీటర్ల పైన, నాగ్‌పూర్ సుమారు 200 కిలోమీటర్లు. రెండూ 44వ నంబరు రహదారి మీదే. కిలోమీటర్ల తేడా కంటే దిక్కు తేడా పెద్దది. ఆదిలాబాద్ మనిషి శంషాబాద్‌కు వెళ్లి విమానం ఎక్కితే, ముందు మూడు వందల కిలోమీటర్లు దక్షిణానికి పోయి, తరువాత అంత దూరమూ ఉత్తరానికి తిరిగి రావాలి. శంషాబాద్‌కు, దిల్లీకి మధ్య గీసిన సరళరేఖ ఆదిలాబాద్ పట్టణానికి కొద్దిగా పడమరగా సాగుతుంది. అంటే ఒక పూటంతా ప్రయాణం చేశాక మళ్లీ మీ జిల్లా మీదుగానే ఎగురుతారు. నాగ్‌పూర్‌కు వెళితే ప్రతి కిలోమీటరూ లేహ్ వైపే పడుతుంది.

మంచిర్యాల, బెల్లంపల్లి, కాగజ్‌నగర్ వాళ్లకు లెక్క కొంచెం భిన్నం. మంచిర్యాల ఇంచుమించు మధ్యలో ఉంటుంది, పైగా శంషాబాదే కాస్త దగ్గర. కాని కాజీపేట – బల్లార్షా రైలు మార్గం మీద ఉండడం ఈ ఊళ్లకు పెద్ద సౌకర్యం. మంచిర్యాల నుంచి నాగ్‌పూర్‌కు ఎక్స్‌ప్రెస్ రైలులో సుమారు ఐదు గంటలు. 2024 సెప్టెంబరులో మొదలైన నాగ్‌పూర్ – సికింద్రాబాద్ వందే భారత్ కాజీపేట, రామగుండంలలో ఆగుతుంది, మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో బయలుదేరి రాత్రికి నాగ్‌పూర్ చేరుతుంది. స్టేషన్ నుంచి నాగ్‌పూర్ విమానాశ్రయం పది కిలోమీటర్ల లోపే. శంషాబాద్‌కైతే సికింద్రాబాద్‌లో రైలు దిగాక నగరమంతా దాటి పోవాలి.

నాగ్‌పూర్‌కున్న లోపం కూడా చెప్పాలి. అక్కడి నుంచి దిల్లీకి విమానాలు శంషాబాద్ అంత విరివిగా ఉండవు. ఒకటి రద్దయితే తరువాతి దానికి చాలాసేపు ఆగవలసి రావచ్చు. అందుకే నాగ్‌పూర్ నుంచి వెళ్లేవాళ్లు ముందు రోజు సాయంత్రానికే దిల్లీ చేరేలా చూసుకోవాలి. రైలు దిగిన వెంటనే విమానం ఎక్కేలా బిగుతుగా పెట్టుకోవద్దు, కనీసం నాలుగు గంటల ఎడం ఉంచుకోవాలి. నా ఉద్దేశంలో ఆదిలాబాద్, ఆసిఫాబాద్ జిల్లాల వాళ్లకు నాగ్‌పూరే మేలు. మంచిర్యాల వాళ్లు ఆ రోజు ధరను, రైలు బెర్తును బట్టి తేల్చుకోవచ్చు. రామగుండానికి దక్షిణాన ఉన్నవాళ్లకు శంషాబాదే మేలు.

నిజామాబాద్ వాళ్లు నాందేడ్ గురించి కూడా అడుగుతుంటారు. నిజామాబాద్‌కు నాందేడ్ దగ్గరే, నూటపది కిలోమీటర్లు. కానీ అక్కడి సర్వీసులు తక్కువ. దిల్లీ వైపు వెళ్లే విమానం గాజియాబాద్ పక్కనున్న హిండన్‌లో దింపేదైతే, లేహ్ విమానం కోసం దిల్లీ నగరాన్ని అడ్డంగా దాటి పాలం వైపు పోవలసి ఉంటుంది. ఈ ప్రయాణానికి దాన్ని లెక్కలోంచి తీసేయవచ్చు.

మూడవ దారి: దిల్లీ దాకా రైలు

2014కు ముందు ఏపీ ఎక్స్‌ప్రెస్ అని పిలిచిన తెలంగాణ ఎక్స్‌ప్రెస్ కాజీపేటలో పొద్దున ఎక్కితే మరునాటి పొద్దుటికి న్యూ దిల్లీ చేరుస్తుంది. సుమారు ఇరవై నాలుగు గంటలు. రైలు దిగేసరికి ఆ రోజు లేహ్ విమానాలు చాలావరకు వెళ్లిపోయి ఉంటాయి. కాబట్టి ఒక పగలు, ఒక రాత్రి దిల్లీలో గడిపి మరుసటి ఉదయం ఎక్కాలి. ఇంటి నుంచి లేహ్‌కు రెండు రోజులు పడుతుంది. న్యూ దిల్లీ స్టేషన్ నుంచి మూడవ టెర్మినల్‌కు ఎయిర్‌పోర్ట్ మెట్రోలో ఇరవై నిమిషాలు, అది తేలిక.

సెలవు మీద వచ్చిపోయే జవాన్లలో చాలామంది ఈ దారినే వస్తారు. వాళ్లకు ట్రంకు పెట్టెలు, ఇంటి నుంచి కట్టిచ్చిన సకినాలు, అరిసెలు, పచ్చళ్లు ఉంటాయి. రైలులో వాటిని మామూలుగా ఎవరూ తూచరు, తరువాతి విమానానికి మాత్రం ముందే బరువు చూసి సర్దుకోవాలి. ఖర్చు తగ్గాలనుకునే వాళ్లకు, రెండు రోజులు పోయినా ఫరవాలేదనుకునే వాళ్లకు ఇది మంచి దారి. నాలుగైదు రోజుల సెలవు మాత్రమే ఉన్న ఉద్యోగులు దీని జోలికి పోవద్దు.

నాలుగవ దారి: శ్రీనగర్ మీదుగా రోడ్డు

శంషాబాద్ నుంచి దిల్లీ మీదుగా శ్రీనగర్‌కు విమానంలో వెళ్లి, అక్కడి నుంచి కార్గిల్ మీదుగా కారులో లేహ్ చేరడం నాలుగవ దారి. శ్రీనగర్‌కు, లేహ్‌కు మధ్య ఆకాశమార్గ దూరం 256 కిలోమీటర్లే, రోడ్డు మాత్రం సుమారు 420 కిలోమీటర్లు. 3,528 మీటర్ల జోజిలా, 4,108 మీటర్ల ఫోతులా కనుమలు దాటాలి. కార్గిల్‌లో ఒక రాత్రి ఆగి రెండు రోజుల్లో వెళ్లడం వాడుక. చలికాలంలో మంచు పడి దారి మూతపడుతుంది.

సమయం దృష్ట్యా ఇది అన్నిటికంటే నిదానమైన దారి. అయినా యాభై ఏళ్లు దాటినవాళ్లకు నేను దీన్ని సూచించడానికి కారణం ఉంది. శ్రీనగర్ ఎత్తు 1,600 మీటర్ల లోపు, కార్గిల్ 2,700 మీటర్ల దగ్గర, ఆ తరువాత లేహ్. ఒళ్లు మెట్టు మెట్టుగా అలవాటు పడుతుంది. దిల్లీ నుంచి నేరుగా విమానంలో వచ్చిన మనిషి గంటన్నరలో 237 మీటర్ల నుంచి 3,256 మీటర్లకు చేరతాడు. అలా దిగినవాళ్లు మొదటి 48 గంటలు పూర్తిగా విశ్రాంతి తీసుకోవాలి. అంటే విమానంలో మిగిలిన రెండు రోజులు లేహ్‌లో మంచం మీద ఖర్చవుతాయి, రోడ్డు మీద వచ్చినవాడు ఆ రెండు రోజులూ దారిలో గడుపుతాడు. చేతిలో మిగిలే రోజులు ఇద్దరికీ దాదాపు సమానం. గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఏ దారి ఎంచుకున్నా ముందు డాక్టరును అడగకుండా బయలుదేరవద్దు.

మామునూరు తెరుచుకుంటే?

వరంగల్ దగ్గర నిజాం కాలంలో కట్టిన మామునూరు విమానాశ్రయంలో 1981 తరువాత ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయం రాకూడదన్న ఒప్పందం చాలాకాలం అడ్డుగా నిలిచింది. ఆకాశమార్గాన మామునూరు 145 కిలోమీటర్ల దూరంలో ఉంది. 2025 ఫిబ్రవరి చివర కేంద్రం దీని పునరుద్ధరణకు అనుమతి ఇచ్చింది. అక్కడి నుంచి నేరుగా దిల్లీకి జెట్ విమానం నడిస్తే పైన చెప్పిన పదిహేడు గంటల్లో మూడు, నాలుగు గంటలు తగ్గుతాయి. లేహ్ పొద్దుటి గడియారం మారదు కాబట్టి దిల్లీలో రాత్రి ఆగడం అప్పటికీ తప్పదు.

తిరుగు ప్రయాణం

తిరుగు దారి లెక్క వేరు. లేహ్‌లో ఉదయం 8:10కి బయలుదేరి 9:40కి దిల్లీలో దిగాను. మధ్యాహ్నం 12:30కి శంషాబాద్ విమానం దొరికింది, 2:45కి దిగాను, బ్యాగు తీసుకొని రోడ్డెక్కి 6:45కి హనుమకొండ చేరాను. పదిన్నర గంటలు. దూరం అదే, విమానాలు అవే, వెళ్లేటప్పటి కంటే ఏడు గంటలు తక్కువ. కాబట్టి తిరుగు ప్రయాణంలో దిల్లీలో హోటల్ గది తీసుకోనక్కరలేదు. లేహ్ విమానం ఆలస్యమైనా అందేలా దిల్లీలో మూడు, నాలుగు గంటల ఎడం ఉంచుకుంటే చాలు. ఆదిలాబాద్ వాళ్లు కూడా తిరిగి వచ్చేటప్పుడు నాగ్‌పూర్ విమానం వేళ కుదరకపోతే శంషాబాద్‌కు వచ్చి రాత్రి బస్సు పట్టుకోవచ్చు.

ఒక జాగ్రత్త మాత్రం మరవద్దు. మన దగ్గర తీసుకున్న ప్రీపెయిడ్ సిమ్ లడఖ్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఒక్కటే పనిచేస్తుంది. విమానం రద్దయిందన్న సందేశం మీ ఫోనుకు రాకపోవచ్చు. బయలుదేరే ముందు రోజు సాయంత్రం హోటల్‌లోనో, కంటోన్మెంట్‌లో ఉన్న మనవాళ్ల ఫోనులోనో విమానం స్థితి చూసుకొని, అప్పుడు పెట్టె సర్దుకోండి.